బస్సుషెడ్డు అప్పగింత

మద్రాసు నగరం వ్యాసర్పాడిలో కాపురముంటూ, అదే పేటలో శ్రీ గజేంద్ర బాడీ వర్క్స్ అనే పేరుతో బస్సులకు బాడీలు కట్టే షెడ్డు నడుపుతున్న ఆదికేశవులు నాయుడు అనే నేను, నా తరువాత నా ఇల్లూ, షెడ్డూ, నా వస్తువులూ ఎవరికి ఏ విధంగా చెందాలో తెలియజేస్తూ నా చేతితో రాసి ఉంచుతున్న వీలునామా ఇది.

ఈ కాగితం రాసే నాటికి నా వయసు డెబ్బై ఒకటి. ఎడమ చెవి మందగించింది. మోకాళ్లు చెప్పినట్టు వినవు. మనసు మాత్రం స్థిమితంగానే ఉంది. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు, ఎవరూ మాయమాటలు చెప్పలేదు. ఇంతకుముందు 1971లో రాసిన వీలునామాను దీనితో రద్దు చేస్తున్నాను. ఇందులో చెప్పిన ఆస్తి అంతా నా స్వార్జితం. దీనిని నా ఇష్టప్రకారం ఇచ్చుకోవడానికి నాకు పూర్తి హక్కు ఉంది.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత మైలాపూరు వకీలు కోదండరాం గారికి అప్పగిస్తున్నాను. వీలునామాలో ఆస్తి వివరాలు తప్ప కథలు రాయకూడదని ఆయన నాకు రెండుసార్లు చెప్పారు. ఎవరికి ఏమి ఇచ్చానో చెబితే చాలునట, ఎందుకు ఇచ్చానో చెప్పనక్కర లేదట. ఆయన మాట కాదనడం నాకు ఇష్టం లేదు. కానీ కారణం చెప్పకుండా ఒకసారి ఒక నిర్ణయం తీసుకొని ఎంత చెడ్డపని చేశానో నాకు తెలుసు. అందువల్ల కారణాలు కూడా రాస్తున్నాను. చదవడానికి విసుగు పుడితే ఆయన నన్ను క్షమించాలి.

2. షెడ్డు ఎవరికి అనే సంగతికి వచ్చే ముందు 1967లో జరిగినది చెప్పాలి. అది తెలియకపోతే తక్కిన దఫాలు ఎవరికీ అర్థం కావు.

నేను వడ్రంగిని కాను, కట్టె వ్యాపారిని. యుద్ధం అయిపోయిన కొత్తలో సైన్యంవారు వదిలేసిన లారీలను కొని బస్సులుగా మార్చేవారు ఊళ్లో ఎక్కువయ్యారు. వాళ్లకు టేకు అమ్ముతూ అమ్ముతూ, బాడీ మనమే కడితే ఏమని నా తమ్ముడు మునిస్వామీ నేనూ కలిసి 1946లో షెడ్డు వేశాము. పని తెలిసినవాడు మా ఇద్దరిలో ఒక్కడూ లేడు. పని తెలిసినవాడు అమ్మాసి. ఆయన పెద్ద వడ్రంగి. ఆయన కింద 1967 నాటికి ముప్పై నలుగురు వడ్రంగులు ఉన్నారు. కంపెనీనుంచి ఇంజనూ చక్రాలూ మాత్రం ఉన్న చాసిస్ వస్తుంది. దానికి పైకప్పూ గోడలూ ఏమీ ఉండవు. డ్రైవరు ఒక చెక్కపెట్టె మీద కూర్చుని, కళ్లకు అద్దాలు పెట్టుకుని, దుమ్ములో తోలుకొచ్చి మా షెడ్డు ముందు ఆపి దిగేవాడు. రెండు నెలల తరువాత అదే బండి కిటికీలతో, సీట్లతో, రంగులతో బయటికి పోయేది. చట్రమంతా టేకే.

నా కొడుకు జనార్దనం ఇంజనీరింగు డిప్లొమా చదివి 1965లో షెడ్డుకు వచ్చాడు. ఇనుప చట్రం కడదామని వచ్చిన రోజునుంచీ అన్నాడు. నేను రెండేళ్లు వినలేదు. టేకు నా అన్నం. దాన్ని కాదనడం నా చేత కాలేదు. చివరికి మాకు అన్నిటికంటే ఎక్కువ పని ఇచ్చే బస్సుల యజమాని వెంకటాచలం గారు ఆరు చాసిస్‌లు పంపుతూ, ఇనుముతో కడితేనే మీకు, లేకపోతే వేరే షెడ్డుకు అని కబురు చేశారు. ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. టేకు దొరకడం కష్టమైంది. వానకు చివికిన చట్రాలు నేనూ చూశాను.

అప్పుడు నేను తీసుకున్న నిర్ణయం సరైనదే. తీసుకున్న తీరు సరైనది కాదు. జనార్దనంతోనూ మునిస్వామితోనూ తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. వెల్డింగు యంత్రాలు రెండు కొన్నాను. ఒక సోమవారం పొద్దున యంత్రాలు లారీలో దిగాయి. అదే పొద్దున ఆఫీసు గోడకు తమిళంలో ఒక నోటీసు అంటించాను. వచ్చే నెల ఒకటోతేదీ నుంచి షెడ్డులో కొయ్య చట్రం పని ఉండదనీ, వెల్డింగు నేర్చుకోదలచినవారు పేర్లు ఇవ్వాలనీ, తక్కినవారికి ఇవ్వవలసినది ఇచ్చి పంపుతామనీ అందులో ఉంది. పెద్ద యజమానులు ఇలాగే చేస్తారని నేను అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ముప్పై నలుగురి మొహాలు చూసి ఆ మాట చెప్పే ధైర్యం నాకు లేదు.

అమ్మాసి ఆ నోటీసు ముందు చాలాసేపు నిలబడ్డాడు. నా గదిలోకి రాలేదు. తన ఉలులూ రంపాలూ సంచిలో సర్దుకుని, రోడ్డు దాటి టీకొట్టు బల్లమీద కూర్చున్నాడు. ఎవరినీ పిలవలేదు. మధ్యాహ్నానికి ముప్పై నలుగురూ ఆ పక్కకు వెళ్లిపోయారు.

షెడ్డు పదకొండు వారాలు అలా ఉంది. మునిస్వామి బయటినుంచి వెల్డర్లను పిలిపించాడు. వాళ్లు పనిమంతులే. ఐదు వారాల్లో మొదటి ఇనుప బస్సు కట్టారు. కొలతల్లో వెంట్రుకవాసి తేడా లేదు. అది తిరుపతి రూటులో ఇరవై రోజులు తిరిగింది. తరువాత వెనకవైపు కమ్మీలు అతుకుల దగ్గర పగిలాయి. ఎవరికీ దెబ్బ తగలలేదు, అది మా అదృష్టం. వెంకటాచలం గారు బండిని తిప్పి పంపించారు. అది నాకు తిట్టుకంటే ఎక్కువ అయింది.

ఎందుకు పగిలిందో వెల్డర్లకు తెలియలేదు, జనార్దనానికి తెలియలేదు. అమ్మాసికి తెలుసునని నాకు తెలుసు. అయినా అభిమానం అడ్డొచ్చి ఇంకో రెండు వారాలు కదలలేదు. చివరికి నా కూతురు జయంతి వచ్చి చెప్పింది. అప్పుడు దాని వయసు ఇరవై రెండు. టీకొట్టు ముందు ఇప్పుడు తొమ్మిది మందే కూర్చుంటున్నారనీ, తక్కినవాళ్లు ఎక్కడెక్కడికో పనికి పోతున్నారనీ, ఎవరు ఎక్కడికి పోయారో తన దగ్గర రాసి ఉందనీ చెప్పింది. ఆ కాగితం చూశాక నేను చెప్పులు వేసుకున్నాను.

అమ్మాసి ఇల్లు రైల్వే యార్డు వెనక ఉంది. ఇరవై ఒక్క సంవత్సరాల్లో నేను ఆ ఇంటికి వెళ్లడం అదే మొదలు. చాప వేసి కూర్చోబెట్టాడు. ఇనుము గురించి ఏదో సర్దిచెప్పబోయాను. ఆయన నెమ్మదిగా అన్నాడు:

“ఇనుము వస్తాదని మాకు తెలీదా అయ్యా? రోడ్డుమీద పోయే బండ్లను మేమూ చూస్తా ఉండాము. ఇన్నేండ్లూ ఏది చెప్పాలన్నా నా బెంచీ కాడికి వచ్చి చెప్పినారు. ఈ తూరి గోడకు చెప్పినారు.”

తప్పు నాదేనని, మరునాడు అందరి ముందరా ఆ మాటే చెబుతానని అన్నాను.

“నాకు చెప్పింది చాలు. వాళ్లకు చెప్పాల్సింది వేరే ఉండాది. ఎవురికి ఏ పనో చెప్పండి. అది తెలీకనే ఇండ్లల్లో పొయ్యి వెలగలా.”

మరునాడు టీకొట్టు ముందే నిలబడి మాట్లాడాను. నోటీసు తప్పని ఒప్పుకున్నాను. ఎవరినీ పంపించనని చెప్పాను. ఆరు నెలలు కొయ్య బండీ ఇనుప బండీ పక్కపక్కనే కడతామనీ, ప్రతి వెల్డరు పక్కనా ఒక వడ్రంగి ఉంటాడనీ చెప్పాను. నిప్పు పని చేతకానివాళ్లకు నేలబల్లలు, తలుపులు, సీట్ల పని ఉంటుందన్నాను. ఇనుప బండ్లకు ఎప్పటికీ గిరాకీ ఉంటుందా అని ఒకరు అడిగారు. తెలియదన్నాను. యజమాని నోట తెలియదనే మాట విని వెనకనుంచి ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో సగం బరువు దిగింది.

ఆ సాయంత్రమే అమ్మాసి పగిలిన బస్సు చుట్టూ రెండుసార్లు తిరిగి సుద్దముక్కతో ఏడు చోట్ల గీత పెట్టాడు. ఐదు చోట్ల అప్పటికే పగిలి ఉంది. తక్కిన రెండూ ఇంకా పగలలేదని వెల్డరు అన్నాడు. సుత్తితో తట్టి వినమన్నాడు అమ్మాసి. లోపల బీట ఉంది. బండి మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రం మీది రెండో కిటికీ దగ్గర మెలి పడుతుందట. టేకు వంగి మళ్లీ నిలబడుతుంది. ఇనుప అతుకు వంగదు కాబట్టి పగులుతుంది. ఆ ఏడు చోట్లా ఏ ఊత వేయాలో ఆయన ముందు కొయ్యతో అచ్చు చేసి ఇచ్చాడు. దాన్ని చూసి జనార్దనం లెక్క కట్టాడు. వెల్డర్లు ఇనుముతో చేశారు. ఆ బండి పదకొండేళ్లు తిరిగింది.

మా షెడ్డు మారింది ఆ రోజున. యంత్రాలు దిగిన సోమవారం కాదు.

3. అమ్మాసి చేసిన ఆ మొదటి కొయ్య అచ్చు నా ఆఫీసు గదిలో వేలాడుతూ ఉంది. అది అమ్మాసికి చెందాలి. ఆయన 1978లో పని మానినా రోజూ పొద్దున షెడ్డుకు వచ్చి వాకిట్లో కూర్చుంటాడు. ఆయన బతికి ఉన్నంతకాలం అక్కడ ఆయనకు ఒక కుర్చీ ఉండాలి. కంటి శుక్లాలకు ఆపరేషను చేయించుకోమంటే తప్పించుకుని తిరుగుతున్నాడు. ఆ ఖర్చు నా ఎస్టేటుదే. జయంతి దగ్గరుండి తీసుకుపోవాలి, అడిగితే రాడు.

4. ఆ పదకొండు వారాల్లో అందరూ తిరిగి రాలేదు. చిన్నసామి రాలేదు. నోటీసు పడిన మూడోవారంలో ఒక కట్టెల కోతమిల్లులో చేరాడు. అలవాటు లేని యంత్రం. ఎడమచేతి వేళ్లు రెండు పోయాయి. కబురు తెలిసి నేను వెళితే కాఫీ ఇప్పించాడు. చేతిని తుండుగుడ్డ కింద పెట్టుకుని కూర్చున్నాడు. షెడ్డుకు రమ్మని, ఏ పని ఇష్టమైతే ఆ పని చేయమని బతిమాలాను. ఆ మిల్లే అలవాటైపోయిందన్నాడు. తరువాత మాధవరం పాలకాలనీలో కాపలా పని చేసి 1976లో పోయాడు. ఆయన భార్య కుప్పమ్మ అద్దెకు ఉంటున్న ఇంటిని రెండేళ్ల కిందట నేను కొన్నాను. ఆ సంగతి ఆమెకు తెలియదు. ఆ ఇల్లు కుప్పమ్మకు సర్వహక్కులతో చెందాలి. ఆయన బెంచీమీద వదిలిపెట్టి పోయిన, కొయ్యను నున్నగా చేసే చిత్రికను ఏటేటా నూనె రాసి ఉంచాను. అది కూడా ఆమెకు ఇవ్వాలి. వద్దంటే బలవంతం చేయవద్దు. దీనితో తప్పు తీరిపోయిందని నేను అనుకోవడం లేదు.

5. నా తమ్ముడు మునిస్వామికి ఆస్తిలో భాగం లేదు. తన వాటా తాను 1969లో తీసుకుపోయాడు. ఆ వారాల్లో ఆకలి పెరిగితే వాళ్లంతట వాళ్లే వస్తారని నాకు నచ్చజెప్పినవాడు అతను. అమ్మాసి ఇంటికి వెళ్లినందుకు, యజమానివి నీ పరువు పోగొట్టుకున్నావని అందరి ముందూ అన్నాడు. విడిపోయి మాధవరంలో షెడ్డు పెట్టి నా దగ్గరినుంచి ఎనిమిది మందిని పిలుచుకుపోయాడు. పద్నాలుగేళ్లుగా మాట్లాడుకోలేదు. ఇది నా కోపం. దాచుకోవలసిన అవసరం లేదు. అయితే మా అమ్మ అమ్మణి ఫోటో ఒక్కటే ఉంది. విడిపోయినప్పుడు అది తనకు కావాలని అతను అడిగితే ఇవ్వలేదు. ఆ ఫోటో అతనికి ఇవ్వాలి. నేను ఈ మధ్య దానికి నకలు తీయించుకున్నాను, అసలు అతనికే.

6. వ్యాసర్పాడిలో నేను ఉంటున్న ఇల్లు, అందులోని సామాను, నా భార్య గోవిందమ్మకు సర్వహక్కులతో చెందాలి. ఎవరూ ఆమెను ఏ కాగితంమీదా సంతకం అడగకూడదు. పని ఆగిన రోజుల్లో ఆమె అమ్మాసి ఇంటికి వారానికి ఒకసారి బియ్యం పంపిందట. నాకు పదేళ్ల తరువాత ఒక పెళ్లిలో తెలిసింది. ఎందుకు చెప్పలేదని అడిగితే, చెబితే మీరు వద్దంటారు, వద్దన్నాక పంపితే మీ మాట కాదన్నట్టు అవుతుంది కదా అంది. పెయింటు వాసన పడక ఆమె మా షెడ్డు బస్సు ఒక్కటీ ఎక్కలేదు. కిటికీ పక్కన నేను కూర్చునే పేము కుర్చీని ఆమె చాలాకాలంగా అడుగుతోంది. అది ఈరోజునుంచే ఆమెది.

7. షెడ్డు స్థలం, కట్టడం, యంత్రాలు, పేరు, ఇవి జయంతికీ జనార్దనానికీ సమంగా చెందాలి. అయితే షెడ్డును నడిపే అధికారం, ఆఖరి మాట, జయంతిది.

ఆడపిల్లకు బస్సుషెడ్డు ఏమిటని బంధువులు అంటారు. పన్నెండేళ్లుగా అది రోజూ తాను కాపురముంటున్న మైలాపూరునుంచి రెండు బస్సులు మారి వచ్చి ఈ షెడ్డు నడుపుతున్న సంగతి వాళ్లకు తెలియదు. ఒకటి మాత్రం రాస్తాను. 1979లో గాలితో రివెట్లు కొట్టే తుపాకీ వచ్చింది. రేకుల పనివాళ్లకు భయం. ఇది వస్తే పది మంది పని ఇద్దరు చేస్తారని. జయంతి దాన్ని తెచ్చి షెడ్డు మధ్యలో బల్లమీద పెట్టి ఊరుకుంది. వాడమని చెప్పలేదు. మిగిలే ఎనిమిది మందికి ఏ పనో ముందు పేరు పేరునా కూర్చుని మాట్లాడింది. నీకు ఇందులో ఏది కష్టంగా ఉందని అందరికంటే పెద్దవాణ్ని మొదట అడిగింది. నెల గడిచేసరికి భోజనం వేళ ఒకడు సరదాకు రెండు రివెట్లు కొట్టాడు. తరువాతి వారం ఆ తుపాకీ కోసం వాళ్లలో వాళ్లు పోట్లాడుకున్నారు. నాకు పదకొండు వారాలూ ఒక మనిషి వేళ్లూ ఖర్చయి తెలిసిన సంగతి దానికి పుట్టుకతోనే తెలిసినట్టుంది.

8. జనార్దనం గురించి. ఇనుము విషయంలో వాడు చెప్పిందే సరి, నేను రెండేళ్లు ఆలస్యం చేశాను. ఈ రోజుకూ మా బండ్ల గీతలు వాడి చేతివే. డ్రాయింగు గది, అందులోని పుస్తకాలు, పరికరాలు వాడివి. ఏ కొత్త వస్తువు కొనాలన్నా, ఏ కొత్త రకం బండి కట్టాలన్నా ముందు వాడి అభిప్రాయం అడగాలని జయంతికి చెబుతున్నాను.

కానీ 1981లో వాడు రేకులు వంచే యంత్రం తెచ్చి, ఎవరూ లేని ఆదివారం బిగించాడు. సోమవారం పనివాళ్లు వచ్చేసరికి వాళ్ల బెంచీలు పెరట్లో పడి ఉన్నాయి. తొమ్మిది రోజులు పని నడవలేదు. వాడి మొహంలో ఆ రోజు నన్ను నేనే చూసుకున్నాను. నేను మారడానికి చిన్నసామి కావలసి వచ్చాడు. వాడికి అలాంటిది జరగకూడదు.

9. నేను పోయిన తరువాత పదిహేనేళ్ల వరకు షెడ్డును వ్యాసర్పాడినుంచి కదిలించరాదు. బస్సు బాడీలు తప్ప వేరే పని చేయరాదు. పనివారి సంఖ్య తగ్గించరాదు.

పై తొమ్మిదో దఫాను నేను కొట్టివేశాను. ఎలా జరిగిందో రాస్తాను.

మొన్న శనివారం నాలుగింటికి పని ముగిశాక అందరినీ కూర్చోబెట్టి ఇంతవరకూ రాసినది చదివాను. చిన్నసామి ఇంటి సంగతి మాత్రం పక్కన పెట్టాను, కుప్పమ్మకు నేనే చెప్పాలి కనుక. ఎనిమిదో దఫా చదివాక జనార్దనం అడిగాడు.

“యంత్రం తెచ్చిందే తప్పా, నాయనా?”

“యంత్రం తప్పు కాదురా. ఆదివారం తేవడం తప్పు.”

వాడు లేచి బయటికి వెళ్లాడు. ఎవరూ పిలవలేదు. కొంతసేపటికి వచ్చి జయంతి పక్కన కూర్చున్నాడు. చదవమన్నాడు.

తొమ్మిదో దఫా చదివినప్పుడు పనివాళ్లు సంతోషిస్తారనుకున్నాను. కొందరు చప్పట్లు కూడా కొట్టారు. అమ్మాసి కుర్చీలోంచి కదలకుండా జయంతిని చూపిస్తూ అన్నాడు:

“అది వద్దయ్యా. మీరుంటే ఈయమ్మ వచ్చి మిమ్మల్ని అడుగుతాది. మీరు తప్పయితే తప్పని మార్చుకుంటారు, మార్చుకున్నారు కూడా. కాగితం మార్చుకుంటాదా? రేపు బస్సులే లేకుండా పోతే, ఈ పిల్లోళ్లందరినీ దీనికి కట్టేసి పోతారా?”

నేను జయంతి వైపు చూశాను. పనివాళ్లను పంపకుండా ఉండడానికి నీ దగ్గర ఏం హామీ ఉందని అడిగాను.

“హామీ ఏమీ లేదు నాయనా. ఏం చేయాల్సి వచ్చినా ముందు వీళ్లకే చెప్తాను. అంతవరకే నా చేతిలో ఉండేది.”

నేను అడగవలసింది అంతకంటే లేదు. కొట్టివేయడానికి చూసుకుంటే నా కలంలో సిరా అయిపోయింది. జనార్దనం తన జేబులోంచి కలం తీసి, మూత విప్పి నా చేతికి ఇచ్చాడు. కాగితం కదలకుండా అంచు పట్టుకున్నాడు.

తొమ్మిదో దఫా చెల్లదు. దాని స్థానంలో ఏమీ రాయడం లేదు. కొట్టివేసిన చోట నేనూ, ఇద్దరు సాక్షులూ పొట్టి సంతకాలు చేశాము.

ఇది నేను నా చేతితో రాసి, చదివి చూసుకుని, సాక్షుల ఎదుట చేసిన సంతకం.

మద్రాసు, 1983 ఆగస్టు 22వ తేదీ, సోమవారం.

(సం.) ఆదికేశవులు నాయుడు

ఆయన మా ఎదుట సంతకం చేయగా, ఆయన ఎదుట మేమిద్దరమూ సంతకాలు చేసినాము:

1. వెంకటాచలం, బస్సుల యజమాని, మైలాపూరు.
2. వరదయ్య, కట్టె వ్యాపారి, వ్యాసర్పాడి.